హాస్టల్‌లో మొదటి నెల: పెట్టె సర్దే రోజు నుంచి కుదురుకునే దాకా

ఆగస్టు వచ్చిందంటే ఏ కాలేజీ హాస్టల్ గేటు ముందు చూసినా ఒకటే సందడి. ఆటో మీద పరుపు, చేతిలో బకెట్, బకెట్‌లో మగ్గు, సబ్బుపెట్టె, ఆవకాయ సీసా, వెనకాలే అమ్మానాన్న. నేనూ అలాగే దిగి నాలుగేళ్లు హాస్టల్‌లో చదువుకున్నాను. తర్వాత ఆరేళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్‌లో డిప్యూటీ వార్డెన్‌గా పనిచేశాను. ఈ పదేళ్లలో నేను చూసిన పెద్ద ప్రమాదాల్లో చాలావాటి వెనక ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక చిన్న విషయం ఉంది. జ్వరం వచ్చిందని చెప్పలేదు. సీనియర్లు రమ్మన్నారని చెప్పలేదు. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పలేదు. అందుకే ఈ మార్గదర్శిలో ఏం చేయాలో చెప్పిన ప్రతిచోటా ఎవరికి చెప్పాలో కూడా రాశాను.

1. డబ్బు కట్టక ముందు

కాలేజీ హాస్టల్ అయినా, బయట ప్రైవేట్ హాస్టల్ అయినా, వీలైతే సాయంత్రం ఏడు తర్వాత వెళ్లి చూడండి. పగలు వెళ్తే ఖాళీ గదులు, తుడిచిన గచ్చు కనబడతాయి. సాయంత్రం అయితే అక్కడ ఉండే పిల్లలు దొరుకుతారు. వాళ్లను రెండే ప్రశ్నలు అడగండి. ఎండాకాలంలో నీళ్లు ఎలా వచ్చాయి? రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు? రెండో ప్రశ్నకు వాళ్లు తడుముకుంటే ఇంకో హాస్టల్ చూడడం మంచిది.

అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి వైపు ప్రైవేట్ హాస్టళ్లు చాలావరకు మామూలు అపార్టుమెంట్లనో ఇళ్లనో మార్చినవే. అక్కడ ముఖ్యంగా చూడాల్సింది మెట్లు. మెట్లదారి ఒకటే ఉందా, రెండోది ఉందా? మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పెట్టారా? రాత్రి గ్రిల్‌కు తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు? లోపలివాళ్లు బయటికి పోకుండా వేసిన తాళమే అగ్నిప్రమాదం జరిగితే ప్రాణం తీస్తుంది. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, నాన్నతో అడిగించినా సరే.

అడ్వాన్స్ ఎంత తిరిగి ఇస్తారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. కుదరకపోతే వాట్సాప్‌లో మెసేజ్ అయినా పెట్టించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు హాస్టల్‌వాళ్లకు ఇవ్వాల్సిన పనే లేదు. ఆధార్ జిరాక్స్ చాలు.

కాలేజీ హాస్టల్ అయితే ఇంకో మాట కూడా అడగాలి: ఫస్ట్ ఇయర్‌కు వేరే బ్లాకు ఉందా? కాలేజీలు, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కొత్త విద్యార్థులను సీనియర్లతో కలపకుండా వేరే బ్లాకులో ఉంచాలి. అలా కుదరని చోట సీనియర్లు అటు రాకుండా వార్డెన్లు, సెక్యూరిటీ కాపలా కాయాలి.

2. పెట్టెలో ఏం ఉండాలి

బట్టలు, దుప్పట్ల గురించి అమ్మకు తెలుసు. నేను మర్చిపోయేవి మాత్రమే చెప్తాను. మంచి తాళాలు రెండు, ఒకటి అల్మారాకు, ఒకటి పెట్టెకు. కట్టుకోవడానికి తాళ్లతో సహా దోమతెర. టార్చిలైటు. థర్మామీటర్, పారాసెటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. కళ్లజోడు ఉంటే రెండోది. పాస్‌పోర్ట్ ఫొటోలు ఓ డజను. కాస్త నగదు, ఎందుకంటే సర్వర్ డౌన్ అయిన రోజు యూపీఐ అన్నం పెట్టదు. బంగారం ఇంట్లోనే వదిలేయండి.

ఒక చిన్న నోటుబుక్కులో నాలుగు ఫోన్ నంబర్లు చేత్తో రాసుకోండి. ఈ కాలం పిల్లల్లో నాన్న నంబరు నోటికి చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఫోన్ పోయిన రోజే ఆ సంగతి తెలుస్తుంది. అదే పేజీలో మీ బ్లడ్ గ్రూపు, పడని మందులు ఏమైనా ఉంటే వాటి పేర్లు, ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) కూడా రాయండి. అది ఎందుకో తర్వాత చెప్తాను.

3. మొదటి సాయంత్రం, అమ్మానాన్న వెళ్లేలోపు

గడియ లోపలి నుంచి సరిగ్గా పడుతుందా, కిటికీ మూసుకుంటుందా, స్విచ్‌బోర్డు కాలిన మచ్చలు లేకుండా ఉందా చూసుకోండి. విరిగిన కుర్చీ, పగిలిన అద్దం ఉంటే ఫొటో తీసి అప్పుడే వార్డెన్‌కు పంపండి. లేకపోతే ఏడాది చివర ఆ డబ్బులు మీ దగ్గరే వసూలు చేస్తారు.

తర్వాత గది నుంచి రెండో మెట్లదాకా ఒకసారి నడవండి. మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, గోడ పట్టుకుని తలుపులు లెక్కపెట్టుకుంటూ పోవడమే దారి. పొగలో వంగి, నేలకు దగ్గరగా వెళ్లాలి. లిఫ్ట్ ఎక్కకూడదు. మెట్లనిండా పొగ ఉంటే గదిలోనే తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేయాలి.

ఫోన్‌లో వార్డెన్, సెక్యూరిటీ గది నంబర్లతో పాటు 112, 108, 101 వేసుకోండి. పోలీసు, అంబులెన్స్, ఫైర్ మూడింటికీ 112 పనిచేస్తుంది. రూమ్మేట్ల ఇంటి నంబర్లు మీరు తీసుకోండి, మీ ఇంటి నంబరు వాళ్లకు ఇవ్వండి. మా హాస్టల్‌లో ఒక రాత్రి ఒకమ్మాయి ఫిట్స్ వచ్చి పడిపోతే, ఆమె ఫోన్ లాక్‌లో ఉంది, ఇంటి నంబరు ముగ్గురు రూమ్మేట్లలో ఒక్కరికీ తెలియదు. ఆఫీసు తాళం తీయించి, రిజిస్టర్ వెతికేసరికి నలభై నిమిషాలు పట్టింది.

4. కరెంటు, వేడినీళ్లు

ఆరేళ్లలో నన్ను బాగా భయపెట్టింది కరెంటే. డిసెంబరు చలిలో ఒకమ్మాయి బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి, నీళ్లు కాగాయో లేదోనని వేలు ముంచింది. షాక్ కొట్టి వెనక్కి పడింది కాబట్టి బతికింది. రాడ్ పైగొట్టం ఎక్కడో చీలి ఉంది, ఆ ప్లగ్ పాయింటుకు ఎర్త్ లేదు. అలాంటప్పుడు బకెట్‌లో నీళ్లన్నీ కరెంటు తీగతో సమానం. ప్లాస్టిక్ బకెట్ కాబట్టి ఆ కరెంటు భూమిలోకి పోలేదు. తడి గచ్చు మీద వట్టికాళ్లతో నిలబడి మీరు వేలు పెట్టగానే, మీ ఒంట్లోంచి భూమిలోకి పోతుంది.

మీ హాస్టల్‌లో రాడ్ వద్దంటే వాడకండి. వాడనిచ్చే చోట ఈ వరస తప్పకండి: ముందు బకెట్ నింపాలి, రాడ్‌ను దాని మీది గుర్తు దాకా ముంచాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, ప్లగ్ పీకాలి, అప్పుడు రాడ్ తీయాలి. ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్ తప్పనిసరి. ఇనుప బకెట్ వద్దు. మీ అంతస్తు కరెంటు బోర్డులో షాక్ కొట్టగానే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ ఉందా అని వార్డెన్‌ను అడగండి. లేకపోతే నలుగురూ కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే చేత్తో లాగకండి. మెయిన్ ఆపండి. అది అందకపోతే ఎండిన కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తోయండి.

ఇంకో రెండు మాటలు. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించకండి. ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోతే ముందు ప్లగ్ పీకండి. కరెంటు లేదు కదా అని అలాగే మంచం మీద వదిలి క్లాసుకు పోతే, మీరు లేనప్పుడు కరెంటు వస్తుంది, పరుపు అంటుకుంటుంది.

5. తిండి, నీళ్లు, జ్వరాలు

కాలేజీలు తెరిచేదీ వానాకాలమే, డెంగీ ముదిరేదీ వానాకాలమే. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, కూలర్లలో, డ్రమ్ముల్లో, పూలకుండీల కింద నిలిచిన మంచినీళ్లలో పెరుగుతుంది. కాబట్టి వారానికోసారి మీ గది చుట్టుపక్కల నిలిచిన నీళ్లు పారబోయండి. మధ్యాహ్నం నిద్రపోయినా దోమతెర కట్టుకోండి.

జ్వరం వస్తే మొదటిరోజే రూమ్మేట్‌కు, వార్డెన్‌కు చెప్పండి. పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి అడిగి వేసుకోకండి, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి. హాస్టల్ పిల్లలు ఎక్కువగా మోసపోయేది జ్వరం తగ్గాకే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగి, కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మత్తు లాంటివి కనబడితే అదే అసలు ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మెస్‌లో తిన్నాక ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురికి వాంతులైతే "నాకొక్కదానికే పడలేదేమో" అనుకోకండి. ఎంతమందికి అయిందో లెక్కపెట్టి, ఎంత రాత్రైనా సరే వార్డెన్‌ను లేపండి. విరేచనాలకు ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే ఇంకా చేటు.

అందరూ సిగ్గుపడి దాచే జబ్బు గజ్జి. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ దురద, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. తువ్వాళ్లు, దుప్పట్లు పంచుకోవడంతో గది మొత్తానికి పాకుతుంది. ఒక్కరే మందు రాసుకుంటే మళ్లీ వస్తుంది. డాక్టర్ ఇచ్చిన మందు రూమ్మేట్లందరూ ఒకే రాత్రి రాసుకుని, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. కాబట్టి చెప్పక తప్పదు.

6. రూమ్మేట్లు

లైటు ఎప్పుడు ఆపాలి, ఫోన్ ఎక్కడ మాట్లాడాలి, గది ఎవరు ఊడ్వాలి అన్నవి మొదటి వారంలోనే నవ్వుతూ మాట్లాడుకోండి. మూడో నెలలో మాట్లాడితే అవే గొడవలవుతాయి. డబ్బు అప్పు ఇస్తే తిరిగి రాకపోయినా బాధపడనంతే ఇవ్వండి. కులం, మార్కులు, రంగు, యాస మీద గదిలో వేళాకోళం సాగనివ్వకండి. శ్రీకాకుళం యాసను, ఆదిలాబాద్ యాసను వెక్కిరిస్తే ఆ పిల్ల క్లాసులో కూడా నోరు విప్పడం మానేస్తుంది, నేను చూశాను.

7. ర్యాగింగ్

అడ్మిషన్ సమయంలో మీరు, మీ అమ్మానాన్న ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ మీద సంతకాలు పెడతారు. చాలామంది చదవకుండానే పెడతారు. దాని వెనక ఒక ప్రాణం ఉంది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ గట్టి నిబంధనలు తెచ్చింది, దేశమంతటికీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టారు: 1800-180-5522. మన దగ్గర 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. అవమానించడం, ఏడిపించడం కూడా దాని కింద నేరమే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

కొడితేనే ర్యాగింగ్ అనుకోకండి. "ఇంట్రో ఇవ్వు" అని అర్ధరాత్రి రూమ్‌కు పిలవడం, తల ఎత్తకుండా చొక్కా మూడో గుండీ చూస్తూ నిలబడమనడం, వాళ్ల రికార్డులు మీతో రాయించుకోవడం, బిర్యానీ తెప్పించుకుని డబ్బులివ్వకపోవడం, వాట్సాప్ గ్రూపులో చేర్చి బూతులు తిట్టడం, అన్నీ ర్యాగింగే. మంచి సీనియర్లూ ఉంటారు, పాత పేపర్లు ఇస్తారు, ఏ సార్ ఎలా చెప్తాడో చెప్తారు. వాళ్లు మిమ్మల్ని రాత్రిపూట ఒంటరిగా రమ్మనరు.

రమ్మంటే ఏం చేయాలి? ఒక్కరే వెళ్లకండి. "వార్డెన్ పర్మిషన్ అడిగి వస్తాను" అనండి, చాలాసార్లు ఆ మాటతోనే ఆగిపోతుంది. ఆగకపోతే తేదీ, సమయం, గది నంబరు, తెలిసిన పేర్లు అదే రాత్రి రాసిపెట్టుకోండి. మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. పొద్దున్నే వార్డెన్‌కో, యాంటీ ర్యాగింగ్ కమిటీలో ఉన్న లెక్చరర్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. భయమైతే మీ తరఫున స్నేహితులో, అమ్మానాన్నలో ఇవ్వచ్చు. "ఇక్కడే మాట్లాడుకుందాం" అని సర్దిచెప్పేవాళ్లుంటారు. ఆ కాగితం చేతిలో ఉంటేనే మీ మాటకు బలం. ర్యాగింగ్ నేరమని తేలిన సమాచారం అందాక 24 గంటల్లో పోలీసు కేసు పెట్టించాల్సిన బాధ్యత కాలేజీ ప్రిన్సిపాల్‌ది. దెబ్బలు తగిలితే ముందు ఆసుపత్రి, 112, ఆ తర్వాతే కాలేజీ.

లైంగిక వేధింపులైతే, చేసింది తోటి విద్యార్థి అయినా, లెక్చరర్ అయినా, ప్రతి కాలేజీలో ఉండాల్సిన అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అబ్బాయిలు కూడా ఇవ్వచ్చు. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉండాలి, మొదటి వారంలోనే చూసిపెట్టుకోండి.

8. గేటు దాటాక

అవుట్‌పాస్‌లో నిజమైన చోటే రాయండి. వార్డెన్‌కు చెప్పలేని చోటుకు వెళ్తున్నా, కనీసం ఒక స్నేహితురాలికైనా లైవ్ లొకేషన్ పెట్టండి.

రైలు తెల్లవారుజామున మూడింటికి కాజీపేటలోనో విజయవాడలోనో దించితే, వెంటనే ఆటో ఎక్కకండి. వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోండి. తప్పనిసరై ఎక్కితే బండి నంబరు ఫొటో తీసి పంపి, డ్రైవర్‌కు వినబడేలా ఇంటికి ఫోన్ చేయండి. అమ్మాయిలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో కొన్ని రకాల బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ దగ్గర ఉంచుకోండి. దారిలో ఎవరైనా వెంటపడితే తెలంగాణలో పోలీసుల షీ టీమ్స్, ఆంధ్రలో పోలీసుల శక్తి యాప్ ఉన్నాయి. ఏదీ గుర్తు రాకపోతే 112.

ఇప్పుడు నేను ఎక్కువగా బతిమాలి చెప్పే మాట. నీళ్ల దగ్గరికి సరదాగా వెళ్లకండి. ప్రతి ఏడాదీ పండగ సెలవుల్లో, పరీక్షలైపోయిన మర్నాడు బీచ్‌లో, కాలువలో, క్వారీ గుంతలో పిల్లలు మునిగిపోయారన్న వార్త పేపర్లో వస్తూనే ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్, యారాడ, బాపట్ల సూర్యలంక చూడ్డానికి ప్రశాంతంగా ఉంటాయి, లోపలి ప్రవాహం మాత్రం మోకాళ్ల లోతులో నిలబడ్డవాణ్ని కూడా లాగేస్తుంది. క్వారీ గుంత ఇంకా మోసం: ఒడ్డున అడుగు లోతు, ఇంకో అడుగు వేస్తే నలభై అడుగులు ఉండొచ్చు. ఒకరు మునిగితే రక్షించబోయి ఇంకో ఇద్దరు పోతారు. ఈతగాళ్లు కాకపోతే నీళ్లలోకి దూకకండి. చున్నీలు ముడేసి, తాడు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. కేకలు వేయండి.

బైక్ మీద ముగ్గురు ఎక్కడం, హాస్టల్ పిట్టగోడ మీద కూర్చుని ఫోన్ మాట్లాడడం, ఇవి కూడా మానండి.

9. ఫోన్, డబ్బు

"నీ బ్యాంకు అకౌంట్ నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తా" అని అడిగేవాళ్లు క్యాంపస్‌ల చుట్టూ తిరుగుతున్నారు. అందులోకి వచ్చేది సైబర్ మోసాల డబ్బు. కేసు మీ పేరు మీద పడుతుంది. ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వకండి. రెండు నిమిషాల్లో అప్పు ఇస్తామనే లోన్ యాప్‌లు మీ కాంటాక్టులన్నీ లాక్కుని, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపిస్తాయి. డబ్బు అవసరమైతే ఇంట్లో అడిగి తిట్లు తినడమే నయం.

డబ్బు మోసపోతే గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ పోతే సిమ్ బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. ఆ నోటుబుక్కు ఇందుకే. ఎవరైనా మీ ఫొటోలతో బెదిరిస్తే డబ్బు పంపకండి, ఛాట్ డిలీట్ చేయకండి, ఒక పెద్ద మనిషికి ఆ రోజే చెప్పండి.

గంజాయి మాట కూడా చెప్పాలి. "ఒక్కసారి" అని ఇస్తారు. కిలోలోపు దొరికినా ఏడాది దాకా జైలు పడే నేరం అది. మీ అల్మారాలో వేరేవాళ్ల ప్యాకెట్ దాచినా కేసు మీదే.

10. ఇల్లు గుర్తొచ్చినప్పుడు

మొదటి మూడు వారాలు ఏడుపు వస్తుంది. రాత్రి భోజనాల తర్వాత ఎక్కువ. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చే పిల్లలు ఎంతమందో నాకు తెలుసు. రోజూ ఒకే సమయానికి ఇంటికి ఫోన్ చేయండి, గంటకోసారి వద్దు. మెస్‌కు ఒంటరిగా వెళ్లకండి. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తగ్గితే దాచకండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ బరువుగా ఉంటుంది, లెక్చరర్‌కు చెప్తే చాలామంది మళ్లీ చెప్తారు.

నిద్ర పట్టక, తిండి సహించక రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రూమ్మేట్ చచ్చిపోవాలని ఉందని అంటే, నవ్వుతూ అన్నా నమ్మండి. ఆమెను ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు" అని వేయించుకున్నా సరే, ఇంకొకరిని ఆమె దగ్గర కూర్చోబెట్టి వార్డెన్ దగ్గరికి రండి. ఒకమ్మాయి తన రూమ్మేట్ కోసం అలా రాత్రి ఒంటిగంటన్నరకు నా తలుపు కొట్టింది. మేం వెళ్లి కూర్చున్నాం, పొద్దున ఆ రూమ్మేట్ అమ్మానాన్న వచ్చారు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఒట్టు తప్పిందని ఆ రూమ్మేట్ తన స్నేహితురాలితో రెండు నెలలు మాట్లాడలేదు. ఫైనల్ ఇయర్‌లో గదులు కేటాయించేటప్పుడు ఇద్దరూ కలిసి ఒకే దరఖాస్తు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.